వాయిదా కోడె

1984 ఏప్రిల్ 7

పెందుర్తి బజారులో నా గురించి తిరుగుతున్న మాటను ముందుగా సరిదిద్దుకుంటాను. మొగుడు పోయి నెల తిరగకుండానే పంతులమ్మ అప్పన్న కోడెను కసాయివాడికి బేరం పెట్టిందట. అబద్ధం. పశువుల బేరగాడు తనంతట తానే వచ్చాడు. ఎండన పడి వచ్చిన మనిషి కదా అని మజ్జిగ ఇచ్చాను. బేరం మాట ఎత్తగానే గేటు చూపించాను. అయితే అతడు రెండో గ్లాసు అడిగి, నిదానంగా తాగి మరీ వెళ్ళాడు. ఆ రెండో గ్లాసు తాగినంతసేపూ కూరగాయల అసిరమ్మ చూసింది. అసిరమ్మ చూసినదానికి ఆకాశవాణి అవసరం లేదు.

కోడె మీద నా అభిప్రాయాన్ని నేనెన్నడూ దాచలేదు. అది వేరే సంగతి. సింహాద్రి అప్పన్నకు మొక్కిన కోడెకు ముక్కుతాడు వెయ్యకూడదు, మెడ మీద కాడి పెట్టకూడదు, కర్ర తగలనివ్వకూడదు. ఎదిగాక కొండకు తోలుకుపోయి స్వామికి అప్పగించాలి. ఎనిమిదేళ్ళుగా ఆ అప్పగింత జరగలేదు గనుక మా పెరట్లో పనిలేని జమీందారు ఒకడు కూర్చుని నెమరు వేస్తున్నాడు. ఉదయం బజారుకు బయలుదేరుతాడు. తోటకూర అమ్మేవాళ్ళు దండం పెట్టి ఒక కట్ట సమర్పిస్తారు. వెనకనే వచ్చిన పాలిచ్చే ఆవును కర్రతో తరుముతారు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు నేను చెప్పిన చరిత్ర పాఠమంతా ఈ ఒక్క దృశ్యంలో ఇమిడిపోతుంది.

తవిటయ్య దాన్ని 'బాబు' అనేవాడు. నేను 'వాయిదా' అంటాను. అది ఏ పేరుకూ పలకదు.

భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారి సిద్ధాంతం. ఇప్పుడు తగ్గడానికి ఏమీ మిగలలేదు. నిర్భయంగా రాసుకోవచ్చు.

ఏప్రిల్ 8

పిల్లలిద్దరూ వచ్చారు. పోర్టులో క్రేను నడిపే గవర్రాజు, గాజువాకలో కాపురమున్న గంగాభవాని. పద్మనాభం నుంచి తవిటయ్య అక్కగారు గురువమ్మను కూడా వెంటబెట్టుకు వచ్చారంటే కుట్ర ముందే జరిగిందని అర్థం.

గవర్రాజు మొదలుపెట్టాడు. "అమ్మా, నాకు పోర్టులో ఉద్యోగం వొస్తే కోడెనిస్తానని మొక్కినాడు నాన్న. ఉద్యోగం వొచ్చింది, కోడె ఎల్లలేదు. అప్పట్నించి నా ప్రమోషను ఎవుడో అడ్డెట్టినట్టు ఆగిపోయింది. ఇప్పుడు నాన్నే పోయినాడు."

"ప్రమోషను పరీక్ష రెండుసార్లు తప్పావు. అందులో కోడె చేసిన అపచారం ఏమిటి?"

"ఓలమ్మా, నీ నోటికో దండం," అంది గురువమ్మ వదిన. "నాను సెప్తన్నాను ఇను. మొక్కినోడి సేత్తోనే పలుపు అందియ్యాల. ఆడు పోయినాడు గదా, మరి ఆడి ఇంటిది అందియ్యాల. బిడ్డలందిస్తే సెల్లదు."

అంటే ఈ కోడె నా చేతి మీదుగా తప్ప కొండ ఎక్కదు. ముఖ్యురాలిని కావడం నాకెప్పుడూ అభ్యంతరకరం కాదు. సరేనన్నాను. చందనయాత్రకు ముందు వచ్చే ఆదివారం, ఇరవైతొమ్మిదిన, లారీ, బ్యాండు మేళం.

తరువాత అసలు సంగతి బయటపడింది. ఆపైన ఈ ఇల్లు అద్దెకిచ్చి నన్ను పోర్టు క్వార్టర్సుకు తీసుకుపోతారట. ఇన్నాళ్ళూ 'కోడెను ఎవరు చూస్తారు' అన్న ఒక్క ముక్కతో వాళ్ళ నోళ్ళు మూయించాను. క్వార్టర్సులో పశువును కట్టనివ్వరు. కోడె కొండకు, తల్లి క్వార్టర్సుకు. ఒకే ఆదివారం రెండు అప్పగింతలు.

"నా సంగతి ఆలోచించి చెబుతాను," అన్నాను.

"ఆలోసించడానికేటుందమ్మా?" అంది భవాని. "అన్నట్టు, వొచ్చినోళ్ళకి స్టీలు పళ్ళేలు పంచుదాం, నాన్న పేరు చెక్కించి. ఏటి రాయాలో నువ్వే రాసియ్యి. చదువుకున్నదానివి."

ఏప్రిల్ 9

కోడె నా నందివర్ధనం మొక్కను మొదలంటా తినేసింది. వెళ్ళనీ.

ఏప్రిల్ 12

'కీర్తిశేషులు తవిటయ్యగారు, రైతు, దైవభక్తులు, కుటుంబవత్సలులు' అని రాసి కొట్టేశాను. ఈ మాటలు ఎవరి పళ్ళెం మీదనైనా అతుకుతాయి.

ఆయన భూమిని ఉక్కు కర్మాగారం తీసుకుంది. ఇప్పుడు పేరు కూడా ఉక్కు మీదికే పోతోంది. భూసేకరణ నోటీసు వచ్చిన ఏడాది కూడా నారు పోశాడు. 'ఎందుకు పోస్తున్నావు బావా' అంటే, "నోటీసు నాకిచ్చినారు గానీ నారుకియ్యలేదు కదేటి," అన్నాడు. నాట్లు ఊడ్చాడు, కోశాడు, నూర్చాడు. కొలతకు వచ్చిన సర్వేయరుకు కొత్త బియ్యం మూట కట్టి ఇచ్చాడు. ఆ సర్వేయరు తలెత్తలేదని ఊరంతా చెప్పుకుంది. బరువుకు తలెత్తలేదని నా అనుమానం.

ఆ తరువాత ఊరు విడిచి జత ఎడ్లను తోలుకుని, నా జీతంతో కట్టిన ఈ ఇంటి గేటు దగ్గర నిలబడి, "ఇల్లుగలామె లోనికి రమ్మంటాదా?" అని అడిగాడు. నేను ఎడ్లను మాత్రం రమ్మన్నాను. వాటి వెనకాలే వచ్చేశాడు. వచ్చిన వారంలోనే కౌలుకు చేను చూసుకున్నాడు.

పెళ్ళినాటికి నాకు పన్నెండేళ్ళు, మేనబావకు పదహారు. చదువు ఆపనని నేనే షరతు పెట్టాను. దానికి ఆయన ఒప్పుకోవలసిన అవసరం ఉందని నాకు తోచలేదు. ఆయనకూ తోచలేదు. నేను పట్నంలో హాస్టలులో ఉండి బి.ఏ. చదివిన రోజుల్లో శనివారం శనివారం బండి కట్టుకుని పెరుగు ముంత తెచ్చేవాడు. గేటు దగ్గర కాపలావాడు ఎవరని అడిగితే "బండివోణ్ణి" అన్నాడు. నేను తోటి అమ్మాయిలందరి ముందూ, "బండివాడు కాదు, నా భర్త," అన్నాను. సిగ్గుపడింది నేను కాదు, ఆయన. నెల రోజులపాటు పెరుగు మరొకరి చేత పంపాడు.

ఇక దైవభక్తి. వేకువనే పశువుల శాలలో నిలబడి సింహాచలం వైపు తిరిగి మాట్లాడేవాడు. దాన్ని ప్రార్థన అనడానికి నాకు నోరు రాదు. కౌలుదారు భూస్వామిని నిలదీసినట్టు ఉండేది.

"సూడు తండ్రీ, వాన నేదు. వాన నేకపోతే గడ్డి నేదు. గడ్డి నేకపోతే నీ కోడే ఎండిపోద్ది. నాది పోతే పోనీ, నీది నువ్వు సూసుకో."

'మీ దేవుడికి చెవుడా బావా, అంత గట్టిగా అరుస్తావు' అంటే, "ఏడాదంతా సెవుల్నిండా సందనమే కదేటి పంతులమ్మా! మెల్లగంటే ఇనబడద్దేటి?" అనేవాడు.

ఇది పళ్ళెం మీద పట్టదు.

ఏప్రిల్ 13

'కుటుంబవత్సలులు' అన్న మాట అచ్చులో ఎంత బాగుంటుందో మనిషికి అంత నప్పదు.

ఏప్రిల్ 16

ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండే ఆ స్వామి వైశాఖ తదియ నాడు ఒక్కరోజు మాత్రం పూత తీసి నిజరూపం చూపిస్తాడు. ఆ రోజు తవిటయ్య తప్పకుండా కొండ ఎక్కేవాడు. గంటల తరబడి క్యూలో నిలబడి, ఈ ఏడు కోడెను ఎందుకు ఇవ్వలేకపోతున్నాడో చెప్పి దిగి వచ్చేవాడు.

మొదటి ఏడు, ఇంకా చిన్నది. అది నిజమే, పాలు తాగే దూడ. తరువాతి ఏడు కాలు బెణికింది. ఆ తరువాత తుఫాను. ఆ తరువాత గాలికుంటు జబ్బు. ఒక ఏడు ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వెళ్ళి, జ్వరం వల్ల కొండకు రాలేకపోతున్నానని చెప్పి వచ్చాడు. కారణాల గాదె ఖాళీ అయిందో ఏమో, నిరుడు మళ్ళీ మొదటికే వచ్చాడు.

"ఏమని చెప్పావు బావా?"

"ఇంకా సిన్నదే అన్నాను."

పెరట్లో కోడె లేచి నిలబడింది. మూపురం డాల్ఫిన్ నోస్ కొండలా ఉంది. నవ్వి నవ్వి నాకు పొలమారింది.

"స్వామి ఏమన్నాడు?"

"ఏటంటాడు? సరే అన్నాడు."

మనుషులకు ఇచ్చిన మాట ఒక్కటీ తప్పనివాడు దేవుణ్ణి మాత్రం ఏటేటా దర్జాగా మోసం చేస్తున్నాడని, పశువును విడవలేకనే ఇదంతా అని అనుకునేదాన్ని. ఆయన భక్తి మీద లేని గౌరవం ఆ మోసం మీద నాకు కొంత ఉండేది.

ఏప్రిల్ 18

భవాని మనిషిని పంపింది, పళ్ళెం మీద మాటలు కావాలని. 'తవిటయ్య, రైతు' అని రాసి ఇచ్చాను. ఇంతేనా అని కబురు. మిగతాది నిజమైతే చెక్కనక్కరలేదు, అబద్ధమైతే చెక్కకూడదు అని తిరుగు కబురు.

ఏప్రిల్ 21

పట్నం నుంచి జలీల్ వచ్చాడు. పూర్ణా మార్కెట్టు దగ్గర పశువుల పలుపులు, మువ్వలు అమ్మే దుకాణం అతడిది. తవిటయ్యకు నలభై ఏళ్ళ చెలికాడు, ఆయన్ను బావా అనే పిలుస్తాడు. కర్మలప్పుడు మంచాన పడి ఉన్నాడట. ఇప్పుడు కర్ర పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. వెంట కొత్త మువ్వల పట్టెడ ఒకటి తెచ్చాడు. చనిపోయే ముందు తవిటయ్య చెప్పి చేయించినదట. కోడె మెడకు పెట్టి చూశాం. బాగా వదులు.

"కొలత తప్పావు జలీల్."

"నేదమ్మగారూ. బావే వొదులుగా సెయ్యమన్నాడు. ఇంకా పెరుగుద్ది, నాలుగేళ్ళు రావాల అన్నాడు."

"నాలుగేళ్ళా? ఆదివారం కొండకు వెళ్ళిపోతోంది. గవర్రాజు ఉద్యోగం మొక్కు తీర్చేస్తున్నాం."

జలీల్ నవ్వబోయి ఆగిపోయాడు. కర్రను గోడకు ఆనించాడు. మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఉద్యోగానిక్కాదమ్మగారూ ఆ మొక్కు. తమరికి ఇన్నాళ్ళూ తెలీదేటి?"

"ఏమిటి తెలియవలసినది?"

"తమర్ని పెద్దాసుపత్రిలో ఆపరేషనుకి లోనికి తీస్కెళ్ళినారు సూడండి, ఆ రోజు. బయట వరండాలో నానూ బావా కూకున్నాం. నాను దర్గా కొండేపు తిరిగి దువా సేసినాను. బావ సిమ్మాచలం ఏపు తిరిగి కోడెని మొక్కినాడు. పంతులమ్మకి తెలిస్తే కుట్లు ఊడదీసుకునొచ్చి మరీ తిడతాది, కొడుకు ఉద్యోగానికని సెప్పు అన్నాడు."

తిట్టేదాన్నే. ఆ ఉదయం స్ట్రెచరు మీద పడుకుని కూడా హెచ్చరించాను: నా పేరున ఏ రాయికీ మొక్కవద్దు, బతికితే డాక్టరమ్మ చేతి చలవ. ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆ తల ఊపుడును నేను నమ్మడం విడ్డూరం.

"నేను బతికాను గదా. మరి ఇచ్చెయ్యలేదేం?"

"నానూ అదే అడిగినాను. బాకీ పెట్టుకుంటావేటి బావా, అదీ దేవుడి దగ్గర, అన్నాను. అందికి బావ ఏటన్నాడో తెలుసా? ఒరే జలీలూ, బాకీ ఉన్నోడి ఇంటికి నిప్పంటుకుంటే, అందరికన్నా ముందు బిందె పట్టుకుని పరిగెత్తుకొచ్చీవోడు షావుకారే. కోడెనిచ్చేస్తే అప్పన్నకి మా పంతులమ్మతో పనేటి? ఇవ్వకుండా ఉంటే ఆయనే కాసుకుంటాడు, అన్నాడు."

కోడె తల విదిలించింది. మువ్వలు మోగాయి.

"తమరు కోప్పడకండి అమ్మగారూ. నవ్వుతూనే అన్నాడు. అయినా ఏటేటా మాగమాసంలో నా కొట్టుకి వొచ్చి, టీ తాగి, ఈ ఏడు సామికి ఏటి సెప్పాలిరా అని నన్నే అడిగీవోడు. గాలికుంటు నాను సెప్పిందే."

జలీల్‌కు టీ ఇచ్చాను. రెండో గ్లాసు కూడా ఇచ్చాను. వీధి చూసుకోనీ.

ఏప్రిల్ 22

నన్ను అడగకుండా నన్ను తాకట్టు పెట్టాడు. ఎనిమిదేళ్ళు. కోపంగా ఉంది. అనడానికి మనిషి లేడు.

ఏప్రిల్ 24

ఇది నమ్మకం కాదని ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను. డాక్టరమ్మ కత్తి బాగా పని చేసింది, అంతే. అప్పులిచ్చేవాళ్ళ మనస్తత్వం గురించి ఒక రైతు అంచనా, అంతకుమించి ఏమీ లేదు. తర్కం మాత్రం ఎక్కడా తెగలేదు. క్లాసులో ఏ పిల్లైనా ఇలా వాదించి ఉంటే మార్కులు వేసేదాన్ని.

ఆయన పేరున ఎవరూ ఏమీ బాకీ పెట్టలేదు. పెట్టవలసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆమె బి.ఏ.

కోడెకు ఇవాళ కుడితి నేనే పెట్టాను. పేడ అవసరం. నందివర్ధనం మళ్ళీ చిగురు వెయ్యాలంటే మంచి ఎరువు పడాలి.

ఏప్రిల్ 25

చిగురు లేదు. అయినా పేడ అవసరమే.

ఏప్రిల్ 29

రాత్రి. అందరూ వెళ్ళిపోయారు. జరిగినది జరిగినట్టు రాస్తాను. రేపటికి అసిరమ్మ కథనం వేరుగా ఉంటుంది.

పొద్దున్నే లారీ వచ్చింది. బ్యాండు మేళం వచ్చింది. కోడెకు పసుపు రాశారు, కొమ్ములకు సంపెంగ దండలు చుట్టారు. దండల్లో అందినంత మేరకు అది తినేసింది. గురువమ్మ వదిన కట్టుకొయ్య నుంచి పలుపు విప్పి నా చేతిలో పెట్టింది.

"అందియ్యమ్మా. అప్పన్న పేరు సెప్పి కొడుకు సేతికియ్యి."

గవర్రాజు స్నానం చేసి కొత్త పంచె కట్టి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. పాపం, చిన్నప్పుడు ప్రసాదానికి కూడా అలాగే నిలబడేవాడు. నేను పలుపు తీసుకువెళ్ళి మళ్ళీ కట్టుకొయ్యకు కట్టాను. ముడి సరిగా పడలేదు. రెండోసారి వేశాను.

"ఏటమ్మా ఇది?"

"కోడె రాదు."

"ముహూర్తం దాటిపోతాది!"

"దాటనీ. దానికి అలవాటే."

"మొన్న నువ్వే కదా సరేనన్నావు!"

"అన్నాను. ఇవాళ అనడం లేదు."

"ఎందుకో సెప్పు మరి."

"చెప్పను."

భవాని ఏడుపు అందుకుంది. బంధువులు నీడలు వెతుక్కున్నారు. గురువమ్మ వదిన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓలమ్మోలమ్మో! సామికి ఏటి సెప్పుకుంటావే?"

"అది నేను చెప్పుకుంటాను, వదినా."

గవర్రాజు నోరు తెరిచాడు. "నువ్వా? సామికా? నువ్వు నమ్మవు కదేటి!"

"మీ నాన్న మాట ఒక్కటీ నమ్మకుండానే యాభై ఏళ్ళు ఆయనతో మాట్లాడాను."

వాడు గొంతు తగ్గించి అడిగాడు. "మరి నా ప్రమోషనో?"

నలభై ఏళ్ళ మనిషి. వాడి భయం చూసి నా వేళాకోళం కొంచెం వెనక్కి తగ్గింది. "ఆ మొక్కుకూ నీ ఉద్యోగానికీ సంబంధం లేదురా. ఉండి ఉంటే ఈ పాటికి పలుపు నీ చేతిలో ఉండేది. పుస్తకాలు పట్టుకుని శనివారాలు ఇక్కడికి రా. చెప్పి పాస్ చేయిస్తాను."

"ఇక్కడికా? మరి క్వార్టర్సుకి..."

"కోడెను అక్కడ కట్టనివ్వరు గదా."

వచ్చిన బ్యాండు ఊరికే పోవడం ఎందుకని ఒక్క పాట వాయించమన్నాను. సన్నాయి మొదటి కూతకే కోడె బెదిరి పలుపు తెంపుకుంది. అరుగు మీద పేర్చిన పళ్ళేలన్నీ నేల మీద దొర్లాయి. వాటి మీదుగానే తాపీగా నడిచి బజారుకు వెళ్ళిపోయింది. ఒక పళ్ళెం మీద 'తవిటయ్య, రైతు' అన్న చోట గిట్ట అచ్చు లోతుగా దిగింది. మిగిలినవి పంచేశారు. అది నేను ఉంచుకున్నాను.

సాయంత్రానికి కోడె తనంతట తానే తిరిగి వచ్చింది. నోట్లో తోటకూర.

మే 3

బజారులో కొత్త మాట పుట్టింది. పంతులమ్మ భక్తురాలైపోయిందట, ఆదివారం పూనకం వచ్చి పలుపు లాక్కుందట. దీన్ని సరిదిద్దను. పూనకం వచ్చిన మనిషిని క్వార్టర్సుకు రమ్మని ఎవరూ అడగరు.

రేపు చందనయాత్ర. తెల్లవారుజామున మొదటి బస్సుకు వెళ్తున్నాను. గవర్రాజు తోడు వస్తానన్నాడు. వద్దన్నాను. జలీల్ కబురు పంపాడు, కారణం ఏదైనా కావాలంటే అతడి దగ్గర ఇంకా రెండు ఉన్నాయట. అవసరం లేదన్నాను. ఈ సంగతి నేను అతడి ముందు రెండో గ్లాసు పెడుతున్నప్పుడే తేల్చుకున్నాను. ఆ తరువాత ఈ పుస్తకంలో కోపమనీ, పేడ అనీ రాసినదంతా కాలక్షేపం.

భక్తి కాదు. కుటుంబంలో ఒకరు నడుపుతూ వచ్చిన వ్యవహారం మధ్యలో ఆగిపోకూడదు. బాకీ ఇకమీదట నా పేరున రాసుకోమంటాను. ఎవరి కోసమని అడిగితే గవర్రాజు ఉన్నాడు, భవాని ఉంది, దగ్గుతూ బస్సెక్కి తిరిగే జలీల్ ఉన్నాడు. షావుకారుకు చేతినిండా పని.

ఆడవాళ్ళ క్యూలో నిలబడతాను. చెప్పులు విడవమంటారు, విడుస్తాను. నా వంతు వచ్చేసరికి ఆయన చెవుల్లో చందనం ఉండదు. అరవనక్కరలేదు. అందుకే బావ అన్ని రోజులూ ఉండగా ఆ ఒక్కరోజే వెళ్ళేవాడని నాకు ఇప్పుడు తోస్తోంది.

మామూలు గొంతుతోనే చెబుతాను: కోడె ఇంకా చిన్నదే.